మార్చిలో ముందే కాసిన ఎండ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఒకటి రెండు రోజులు ఉన్నట్టుండి ఎండ విరగకాస్తుంది. నిన్న 35 డిగ్రీలున్న చోట ఇవాళ 70 దాటుతుంది. అలాంటి రోజును ఎలా వాడుకోవాలని అడుగుతూ వచ్చిన ప్రశ్నల్లో ఈ నెల ఆరు తీసుకున్నాం. డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే. ఒక్క విషయం ముందే చెప్పాలి: గాలి ఒక పూటలో వేడెక్కుతుంది కానీ నేల, నీళ్లు, రాత్రి ఇంకా చలికాలంలోనే ఉంటాయి. కింది జవాబులన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

ప్రశ్న: శనివారం 72 అంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు చలికి నెలన్నరగా గడప దాటలేదు. షికాగో లేక్ ఒడ్డున రోజంతా గడపాలని ఉంది. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నేపర్‌విల్

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. అయితే 72 అన్న అంకె ఒక్కటే చూసి బయల్దేరకండి. ప్రభుత్వ వాతావరణ శాఖ నేషనల్ వెదర్ సర్వీస్ గంటగంటకీ ఇచ్చే గ్రాఫ్ తెరిచి గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో, కోల్డ్ ఫ్రంట్ (ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు) ఎన్నింటికి దాటుతుందో చూడండి. మార్చిలో ఇంత వేడి చాలాసార్లు ఆ ఫ్రంట్‌కి ముందు దక్షిణం నుంచి వీచే గాలితోనే వస్తుంది. ఫ్రంట్ దాటగానే గాలి వాయవ్యానికి తిరిగి, రెండు మూడు గంటల్లో 20, 30 డిగ్రీలు పడిపోతుంది. అది సాయంత్రం నాలుగింటికి అని ఉంటే మూడింటికల్లా కారెక్కాలి.

లేక్ ఒడ్డు లెక్క వేరు. మార్చిలో మిషిగన్ సరస్సు నీళ్లు 30లలోనే, మహా అయితే 40ల మొదట్లో ఉంటాయి. నైరుతి గాలి గట్టిగా వీస్తే ఒడ్డున కూడా వెచ్చగానే ఉంటుంది. గాలి నెమ్మదించి తూర్పుకో ఈశాన్యానికో తిరిగిందంటే, మీ ఇంటి దగ్గర 72 ఉన్నప్పుడే అక్కడ స్వెటర్ చాలని చలి పుడుతుంది. ఫోర్‌కాస్ట్‌లో లేక్ దగ్గర చల్లగా ఉంటుందని రాస్తే ఆ ఆలోచన మానుకోండి. మీ ఊరి రివర్‌వాక్, పక్కనే లైల్‌లో ఉన్న పెద్ద చెట్ల తోట మోర్టన్ అర్బొరీటమ్ ఆ రోజుకి మేలు. పొద్దున అరోరా బాలాజీ గుడికి వెళ్లి, పన్నెండు నుంచి నాలుగు దాకా అర్బొరీటమ్‌లో ఉంటే పెద్దవాళ్లకి అలసట కూడా ఉండదు.

బట్టల విషయానికొస్తే, చీర కట్టుకునేవారికి లోపల థర్మల్ లెగ్గింగ్స్, పైన సన్నటి ఫ్లీస్ చాలు. గాలి దూరని జాకెట్, చెవులు కప్పే టోపీ మాత్రం కారులో ఉంచండి. పాదాలకి సాక్సులు, బూట్లు వేయండి. గడ్డి కింద నేల చిత్తడిగా ఉంటుంది, చెప్పులతో నడిస్తే పావుగంటలో కాళ్లు తిమ్మిరెక్కుతాయి. బెంచీ మీదా నేల మీదా ఊరికే దుప్పటి పరిస్తే చల్లదనం పైకి తన్నుకొస్తుంది. ముందు యోగా మ్యాటో ఫోమ్ షీటో వేసి దాని మీద దుప్పటి వేయండి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ చిన్న ఏర్పాటు చాలా తేడా చూపిస్తుంది.

చెట్లకి ఇంకా ఆకు లేదు కాబట్టి ఎక్కడా నీడ దొరకదు. మార్చి మూడో వారంలో సూర్యుడు సెప్టెంబరు మూడో వారంలో ఉన్నంత ఎత్తులోనే ఉంటాడు. చల్లగాలికి ఎండ తెలియదు, సాయంత్రానికి ముఖం మండుతుంది. సన్‌స్క్రీన్ రాసుకోండి. పెద్దవాళ్లు కాసేపు కారులో కూర్చుంటామన్నా, పిల్లలు నిద్రపోయినా, అద్దాలన్నీ మూసి వదిలేయకండి. బయట 70 ఉంటే మూసిన కారులో అరగంటకి 104 దాకా పోతుంది.

లేక్‌కే వెళ్తే పిల్లల్ని నీళ్లకి దూరంగా ఉంచండి. ఒడ్డున మిగిలిన మంచు పలకల మీద అసలు నడవనివ్వకండి. కింద నీళ్లున్నాయో ఖాళీ ఉందో పైనుంచి తెలియదు. అంత చల్లటి నీళ్లలో పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాలు గడిస్తే చేతులు పనిచేయవు. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోయేది ఇందువల్లే.

ప్రశ్న: ఈ వారం ఇంత వేడి కదా, వాషింగ్టన్‌లో చెర్రీ పూలు ముందే విచ్చుకుంటాయా? ఈ ఆదివారమే వెళ్లిపోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆష్‌బర్న్

జవాబు: వేడి పూలను ముందుకు తోస్తుంది, నిజమే. వాషింగ్టన్‌లోని టైడల్ బేసిన్ అనే జలాశయం చుట్టూ ఉన్న యోషినో రకం చెర్రీ చెట్ల పూలలో 70 శాతం విచ్చుకున్న రోజును అక్కడ పీక్ బ్లూమ్ అంటారు. అది 1990లో మార్చి 15కే వచ్చింది, 1958లో ఏప్రిల్ 18 దాకా ఆగింది. 2024లో మార్చి 17న వచ్చింది. అయితే ఒక్క వేడి రోజు చూసి బయల్దేరకండి, మొగ్గ ఏ దశలో ఉందో చూడండి. ముందు పచ్చ మొగ్గ, తర్వాత అందులోంచి చిన్న మొగ్గలు కనిపించడం, అవి బయటికి సాగడం, కాడలు పొడుగవడం, ఆ తర్వాత తెల్లగా ఉబ్బడం. తెల్లగా ఉబ్బిన దశ నుంచి పూర్తిగా విచ్చుకోవడానికి సగటున నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. నేషనల్ పార్క్ సర్వీస్ ఈ దశలను ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. పచ్చ మొగ్గలే ఉన్నాయంటే ఈ ఆదివారం వెళ్లి లాభం లేదు. పది రోజులకు మించి ముందుగా కచ్చితమైన తేదీ ఎవరూ చెప్పలేరు.

ముందస్తు వేడిలో ఒక గండం ఉంది. 2017లో ఫిబ్రవరి వేడికి మొగ్గలు తొందరపడ్డాయి, మార్చి మధ్యలో గడ్డకట్టే చలి వచ్చింది, యోషినో పూలలో దాదాపు సగం మాడిపోయాయి. కాబట్టి పూలు విచ్చాయని తెలిశాక వారాంతం దాకా ఆగకండి. గాలివాన వస్తే ఒక్క రాత్రిలో రాలిపోతాయి. మీ ఆష్‌బర్న్‌లోనే సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి పది, పదిహేను నిమిషాల నడక. వారం మధ్యలో పొద్దున ఏడింటికి చేరితే పూలూ మీవే, నీళ్లూ మీవే. న్యూజెర్సీ బంధువులకి చెప్పండి: నెవార్క్‌లోని బ్రాంచ్ బ్రూక్ పార్క్‌లో 5,000కు పైగా చెర్రీ చెట్లున్నాయి, అక్కడ మామూలుగా ఏప్రిల్‌లో పూస్తాయి.

ప్రశ్న: ఇంత ఎండ చూసి చేతులు ఊరుకోవడం లేదు. గోంగూర, బెండ గింజలు ఇప్పుడే పెట్టేయవచ్చా? కరివేపాకు కుండీ బయట పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: గోంగూర, బెండ, బీర, సొర, దోస ఇప్పుడు వద్దు. వాటికి నేల కనీసం 65 డిగ్రీలుండాలి. మార్చి నేలలో పెడితే గింజ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, మొలవడానికి వేడి చాలదు, వారంలో కుళ్లిపోతుంది. విత్తనం మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం, తప్పు తేదీది. మీ వైపు మే మొదటి వారాల దాకా ఫ్రాస్ట్ (రాత్రి గడ్డకట్టే చలి) భయం ఉంటుంది. మే 15 తర్వాత నేలలో పెట్టండి. తొందరైతే గోంగూరని ఏప్రిల్ మధ్యలో ఇంట్లో చిన్న కప్పుల్లో మొలిపించండి.

చేతులు ఊరుకోకపోతే వేరే పనులున్నాయి. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, బఠాణీ చల్లటి నేలలోనే బాగా వస్తాయి. పది డాలర్ల సాయిల్ థర్మామీటర్ కొని, రెండంగుళాల లోతున, పొద్దున తొమ్మిదింటికి చూడండి. మధ్యాహ్నం చూస్తే పైపొర వేడి మిమ్మల్ని మోసం చేస్తుంది. వరసగా నాలుగైదు రోజులు 45 దాటితే పాలకూర, బఠాణీ వేయొచ్చు. మెంతులు, ధనియాలకి 50 రానివ్వండి. మెంతులు రాత్రంతా నానబెట్టి, పావంగుళం మట్టి కప్పితే చాలు. ధనియాలు రెండు బద్దలుగా నలిపి వేస్తేనే ఒత్తుగా మొలుస్తాయి. పచ్చిమిరప నారు ఇంట్లో పోసుకోవడానికి మార్చి మధ్యే సరైన అదును.

పార పట్టే ముందు గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో గట్టిగా పిసకండి. ముద్ద బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోతే తవ్వండి. పిండిముద్దలా అణిగిపోయి వేలి గుర్తు పడితే ఇంకా తడి ఎక్కువ. ఆ తడిలో తవ్వితే, తొక్కితే మట్టి గట్టిపడి ఇటుకలా అవుతుంది, ఆ ఏడాదంతా వేళ్లు దిగవు.

కరివేపాకు బయట పెట్టండి, కానీ నీడలో, గాలి తగలని చోట, మొదటి రోజు గంటసేపే. చలికాలమంతా కిటికీ దగ్గర పెరిగిన ఆకుకి నేరుగా ఎండ తగిలితే తెల్లటి మచ్చలు పడి మాడుతుంది. 55కి దిగకముందే లోపలికి తెచ్చేయండి. రాత్రులు 55కి పైన నిలకడగా ఉండేదాకా దాని పడక ఇంట్లోనే.

ముందస్తు వేడి ఏం చేస్తుందో 2012లో మిషిగన్ రైతులు చూశారు. ఆ మార్చిలో 80 దాటిన వేడికి ఆపిల్ తోటలు వారాల ముందే పూశాయి, ఏప్రిల్ ఫ్రాస్ట్‌లకి ఆ రాష్ట్రపు ఆపిల్ పంటలో దాదాపు 90 శాతం పోయింది. మీ గులాబీల మీది కప్పు ఇప్పుడే తీయవద్దనేది అందుకే.

ప్రశ్న: నాలుగు నెలలుగా మూలనున్న గ్యాస్ గ్రిల్ తీద్దామనుకుంటున్నాం. పోయినసారి ఎంత తిప్పినా మంట సన్నగానే వచ్చింది, చికెన్ ఉడకలేదు.
– ఒక పాఠకుడు, ట్రాయ్

జవాబు: మంట సన్నగా రావడానికి చాలాసార్లు కారణం రెగ్యులేటరే. బర్నర్ నాబ్‌లు తెరిచి ఉండగా సిలిండర్ వాల్వ్ గబుక్కున తిప్పితే, గ్యాస్ లీకవుతోందనుకుని లోపలి సేఫ్టీ ప్రవాహాన్ని తగ్గించేస్తుంది. అన్నీ ఆపి, గొట్టం సిలిండర్ నుంచి విప్పి, రెండు నిమిషాలాగి మళ్లీ బిగించండి. నాబ్‌లన్నీ మూసి ఉంచి వాల్వ్‌ని చాలా నెమ్మదిగా తెరవండి, తర్వాతే బర్నర్.

అలా చేసినా మంట పసుపుగా, ఎగుడుదిగుడుగా వస్తే బర్నర్ గొట్టాల్లో సాలెగూళ్లు ఉన్నట్టు. చలికాలంలో సాలీళ్లు అక్కడ చేరడం మామూలే. గ్యాస్ ఆపి, బర్నర్లు తీసి, సన్నటి బ్రష్‌తో దులపండి. ఆ అడ్డుతోనే వెలిగిస్తే మంట వెనక్కి, నాబ్‌ల వైపు తన్నే ప్రమాదం ఉంది.

వెలిగించే ముందు లీకు చూడండి. గిన్నెలు తోమే సబ్బు, నీళ్లు సమంగా కలిపి, నాబ్‌లు మూసి, వాల్వ్ తెరిచి, రెగ్యులేటర్ బిగింపుకీ గొట్టం పొడవునా రాయండి. బుడగలు పెరుగుతుంటే వాల్వ్ మూసి బిగించి మళ్లీ చూడండి. గొట్టం పగిలి ఉంటే మార్చేయండి, టేపు చుట్టకండి. మూత తెరిచే వెలిగించాలి. అయిదు సెకన్లలో అంటుకోకపోతే ఆపి అయిదు నిమిషాలు ఆగాలి. గోడకీ రెయిలింగ్‌కీ పది అడుగుల దూరం ఉంచండి. గడ్డి ఇంకా పచ్చబడలేదు, ఎండిపోయి ఉంది. గాలి ఉన్న రోజు నిప్పురవ్వ చాలు, కాబట్టి బొగ్గుల గ్రిల్ అయితే ఆ రోజుకి మానండి. చికెన్ లోపల 165 వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడండి. పక్కన పెట్టిన దద్దోజనం, ఊరబెట్టిన చికెన్ రెండు గంటలకు మించి బయట ఉండకూడదు.

ప్రశ్న: మార్చిలో టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) ఉంటాయా? పిల్లలు ఎండుటాకుల్లో ఆడుతున్నారు.
– ఒక పాఠకురాలు, కనెటికట్

జవాబు: ఉంటాయి. లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ల టిక్ 40 డిగ్రీలు దాటితే చాలు, తిరుగుతుంది. అది ఎక్కువగా ఉండేది ఎండుటాకుల్లోనే. పిల్లల ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. ఇంటికి రాగానే బట్టలు ఉతక్కముందే డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి. మోకాళ్ల వెనుక, చంకల్లో, చెవుల వెనుక, జుట్టులో వెతకండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు.

ప్రశ్న: కారుకి పట్టిన ఉప్పు కడుగుదామని ఉంది. బయటి కొళాయి ఇప్పుడు తిప్పొచ్చా?
– ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: తిప్పొచ్చు, కానీ బేస్‌మెంట్‌లో ఒకరిని నిలబెట్టి తిప్పండి. చలికి గొట్టం గోడ లోపల చీలి ఉంటే, కొళాయి మూసి ఉన్నంతకాలం తెలియదు. తిప్పిన క్షణం నుంచీ నీళ్లు గోడలోకి పోతాయి. కొళాయి నోటికి బొటనవేలు గట్టిగా అడ్డం పెట్టండి. ధార సులువుగా ఆగిపోయిందంటే ఒత్తిడి మరెక్కడికో పోతున్నట్టే. వెంటనే లోపలి వాల్వ్ కట్టేసి ప్లంబర్‌ని పిలవండి. అంతా బాగుంటే కారు అడుగు భాగం, చక్రాల లోపలి గూళ్లు ముందు కడగండి, ఉప్పు దాగేది అక్కడే. పని కాగానే హోస్ విప్పేయండి. అది తగిలించే ఉంటే నీళ్లు కొళాయిలో నిలిచిపోతాయి, ఆ రాత్రి 25కి పడితే కొళాయి చీలుతుంది.