బోట్స్‌వానాకు ఆగస్టులో పెద్దవాళ్లతో వెళ్లవచ్చా?

ఆగస్టులో అమ్మానాన్నలతో వారం రోజులు ఆఫ్రికా దక్షిణ భాగంలోని బోట్స్‌వానా వెళ్లవచ్చా అని అడిగారు. నిశ్చింతగా వెళ్లండి. రాజధాని గాబరోన్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను, అంతకన్నా మంచి నెల లేదు.

అది అక్కడ చలికాలం, వాన చుక్క పడదు. అయినా ఒకవాంగో నది డెల్టా నిండుగా ఉండేది అప్పుడే. ఎగువన అంగోలా కొండల్లో ఎప్పుడో జనవరి, ఫిబ్రవరిలో కురిసిన వాన నెలల తరబడి నడిచి అక్కడికి చేరుతుంది. ఆ నది సముద్రం ముఖం చూడదు, కలహారి ఎడారిలోనే చాలావరకు ఆవిరై, మిగిలింది ఇసుకలో ఇంకిపోతుంది. మొకోరో అనే సన్నటి దోనెలో కూర్చుంటే, వెనక నిలబడినతను గెడ వేస్తూ కలువల మధ్య నుంచి తీసుకెళతాడు. నీళ్లు మోచేతికి అందేంత దగ్గర. గెడ నీటిలో దిగే చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. మా అమ్మ ఆ గంటసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

దేశం మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి రెట్టింపు. జనాభా 2022 లెక్కల్లో 24 లక్షల లోపే. గాబరోన్ నుంచి డెల్టా అంచున ఉన్న ఊరు మౌన్‌కు రోడ్డు మీద 800 కిలోమీటర్లు దాటుతుంది. పెద్దవాళ్లతో ఆ ప్రయాణం వద్దు, జొహానెస్‌బర్గ్ నుంచి నేరుగా మౌన్‌కు విమానంలో వెళ్లండి. కారు తీసుకుంటే మాత్రం చీకటి పడ్డాక నడపకండి. ఆవులు, గాడిదలు రోడ్డుమీదే నిలబడి ఉంటాయి.

దారిలో పశువుల గాలికుంటు వ్యాధిని ఆపడానికి కంచెలు, తనిఖీ గేట్లు ఉంటాయి. అక్కడ దిగి, మందునీళ్లలో తడిపిన గోనె మీద చెప్పులతో నడవాలి. సంచిలో ఉన్న జోళ్లు కూడా తీసి తడపమన్నారు మమ్మల్ని. మా పెట్టెలోని పచ్చి మాంసం తీసేసుకున్నారు. ఆ దేశానికి గొడ్డుమాంసం ఎగుమతి ముఖ్యం కాబట్టి విసుక్కోకండి.

ఏనుగుల కోసం ఉత్తరాన కసానే అనే ఊరికి వెళ్లి, సాయంత్రం చోబే నదిలో పడవ ఎక్కండి. తెల్లవారుజామున జీపులో చలి కొరికేస్తుంది, స్వెట్టర్లు, మంకీ క్యాపులు మరవకండి. ఉత్తరాది ప్రాంతాల్లో మలేరియా ఉంది, బయలుదేరే ముందే డాక్టరును అడగండి.

ఎవరినైనా ఏదైనా అడిగే ముందు ఆడవాళ్లనైతే ‘దుమేలా మ్మా’ అని, మగవాళ్లనైతే ‘దుమేలా రా’ అని పలకరించండి. పలకరింపు లేకుండా పని మాట ఎత్తితే అక్కడ మర్యాద కాదు. వాళ్ల డబ్బు పేరు ‘పులా’. ఆ మాటకు అర్థం వాన.