ఖిలా వరంగల్ చుట్టి రావాలంటే

చిరంజీవి మేనల్లుడికి,

దీవెనలు. ఆదివారం నీ దోస్తులతో కలిసి ఖిలా వరంగల్ చుట్టి వస్తానన్నావు కదా. ఆటో దిగగానే కోట మధ్యనున్న రాతి తోరణాల దగ్గరికి పరుగెత్తకండి, వాటిని ఆఖరికి ఉంచుకోండి. ముందు గోడల వెంబడి నడిస్తేనే, ఆ తోరణాలు ఎంత పెద్ద ఊరికి నడిబొడ్డో తెలుస్తుంది.

లోపలిది రాతికోట, అడ్డంగా కొలిస్తే సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ అగడ్త. ఆ బయట 2.4 కిలోమీటర్ల అడ్డకొలతతో మట్టికోట, దానికీ ఒక కందకం. మూడోది హనుమకొండను కూడా కలుపుకుని పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున ఉంటుంది. దాని జోలికి పోకు, చుట్టాలంటే నలభై కిలోమీటర్లు.

రాతికోట పడమటి ద్వారం దగ్గర ఉదయం ఆరున్నరకల్లా మొదలుపెట్టండి. ద్వారంలో దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. ఏనుగులూ గుర్రాలూ ఒక్క ఊపున దూసుకు రాకుండా కట్టిన మలుపు అది. ఇప్పుడు అక్కడ బండ్లు తిరుగుతాయి, ఎదుటివాడు కనిపించడు. నడిమధ్యన నిలబడి ఫొటోలు తీయొద్దు.

లోపలికి వచ్చాక గోడ ఎడమచేతి వైపు ఉండేలా, ప్రదక్షిణగా, ఉత్తరం మీదుగా తూర్పుకు నడవండి. రెండు కిలోమీటర్ల లోపే. తూర్పు వైపు చేరేసరికి ఎండ ముదురుతుంది గానీ గోడ నీడ మీ మీదే పడుతుంది. గోడ లోపలి వైపు రాతి మెట్ల వరసలు చూడు. దాడి ఎటునుంచి వచ్చినా సైనికులు పైకి ఎక్కడానికి అవి. కొన్ని కదులుతాయి, ముందు కాలితో నొక్కి చూసి తర్వాతే బరువు వెయ్యి. బురుజులు 45 ఉన్నాయంటారు, లెక్కపెట్టే పని దోస్తుల్లో ఎవరికైనా అప్పజెప్పు. రాళ్ల మధ్య సున్నం లేదు. ఒక అతుకు దగ్గర వేలు పెట్టి చూడు, అంత పెద్ద బండలు ఎంత బిగువుగా కూర్చున్నాయో తెలుస్తుంది.

తూర్పు ద్వారం దాటి అగడ్త మీదుగా ఆరేడు వందల మీటర్లు పోతే మట్టికోట. దాన్ని పట్టుకుని దక్షిణానికి తిరగండి, మరో రెండు కిలోమీటర్లు. చూడ్డానికి చెరువు కట్టలా ఉంటుంది, చాలామంది గుర్తుపట్టకుండానే దాటిపోతారు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ దండు వచ్చినప్పుడు, ఈ మట్టిగోడలోకి ఉక్కు బల్లెం కూడా దిగదని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. వాన పడిన మర్నాడు మాత్రం ఎక్కొద్దు, వాలు జారుతుంది. చేల మధ్య గట్ల మీదే నడవండి, పైరు తొక్కితే రైతు ఊరుకోడు. రాతికోట దక్షిణ ద్వారం వైపు దారి ముళ్లతో మూసుకుపోతే మొండికి పోకుండా తూర్పు ద్వారానికే వెనక్కి రండి. దారి ఉంటే ఆ ద్వారంలోంచి లోపలికి వచ్చి, గోడ వెంబడే పడమరకు చేరి, మధ్యకు తిరగండి. మొత్తం ఆరున్నర కిలోమీటర్లు. ఆగుతూ పోతే నాలుగు గంటలు.

చెప్పులు వద్దు, పల్లేరుకాయలు ఉంటాయి. బూట్లు, పొడవు ప్యాంటు, చేతికో కర్ర. చలికాలం పొద్దున పాములు ఎండ కోసం రాళ్ల మీదికి వస్తాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. గోడ వెంబడి దుకాణాలు దొరకవు. మార్చి దాటితే ఈ నడక పెట్టుకోవద్దు.

ఇక తోరణాలు. మధ్యలో ఉన్న శివుడి గుడి కూలిపోయింది, దానికి నాలుగు దిక్కులా తోరణాలు మాత్రం నిలిచాయి. పైన హంసలు, కిందికి వేలాడే తామరమొగ్గలు మెడ నొప్పెట్టేదాకా చూస్తావు. కింద పేర్చిన శకలాల్లో అలాంటి పనే కంటి ఎదురుగా దొరుకుతుంది. అక్కడే అరగంట కూర్చో. పక్కనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం, పైకి పోతున్న కొద్దీ లోపలికి వాలే గోడలు. అవి కాకతీయుల పని కాదని చూడగానే తెలుస్తుంది.

వేయిస్తంభాల గుడి అదే పూట పెట్టుకోకు. అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం వెళ్లండి.

మీ మామయ్య