వైరింగ్ బాగుచేశాక బండి రేస్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నాది 150 సీసీ బీఎస్6 బైక్. వానకు తడిసి మొరాయిస్తే ట్యాంకు విప్పి వైరింగ్ బాగుచేశారు, బ్యాటరీ కూడా కొత్తది వేశారు. ఇప్పుడు స్టార్ట్ అవుతోంది కానీ యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా ఆర్‌పీఎం 2,500 దాటుతోంది. ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్) పోయింది, మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడే వద్దండీ. ఈసీయూ ఖరీదైన భాగం. అది నిజంగా పాడైతే చాలాసార్లు బండి అసలు స్టార్టే కాదు. మీ బండి లక్షణం చూస్తే, రిపేరు చేసినప్పుడు చెయ్యి పడిన చోటే ఏదో కదిలిందనిపిస్తోంది.

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పండి. ఆర్‌పీఎం మారితే తప్పు కేబుల్‌ది. వైర్లు మళ్లీ సర్దేటప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ వాటి కింద నలగడం, ట్యాంకు కింద బిగుసుకోవడం మామూలే. గ్రిప్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి, కాస్త ప్లే (వదులు) ఉండాలి.

కేబుల్ బాగుంటే గాలి సంగతి చూడండి. ట్యాంకు, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ విప్పినప్పుడు థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) దగ్గరి సన్నని రబ్బరు గొట్టం ఊడిపోవచ్చు. థ్రాటిల్ బాడీకి, ఇంజిన్‌కి మధ్య ఉండే రబ్బరు జాయింట్ వదులవ్వచ్చు. ఆ సందులోంచి అదనపు గాలి లోపలికి వెళ్తే రేస్ పెరుగుతుంది. అక్కడ సబ్బు నీళ్లు కొద్దిగా స్ప్రే చేసినప్పుడు ఇంజిన్ శబ్దం మారితే లీకు దొరికినట్టే. కొందరు కార్బొరేటర్ క్లీనర్ కొట్టి చూస్తారు. వేడి ఇంజిన్ మీద దానికి మంటలు అంటుకునే ప్రమాదం ఉంది, ఆ పని చేయనివ్వకండి.

ఆ తర్వాత కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లగ్గులు. ఇంజిన్ వేడిని కొలిచే సెన్సర్ కప్లర్ సరిగా కూర్చోకపోతే ఈసీయూ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని, చలికాలం పొద్దున్న చేసినట్టు రేస్ పెంచి ఉంచవచ్చు. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌కు ఎర్త్ సరిగా అందకపోయినా ఇబ్బందే. థ్రాటిల్ మూసి ఉన్నా కాస్త తెరిచి ఉందని ఈసీయూకు తప్పుడు లెక్క వెళ్తుంది. మీ బండి నీళ్లలో తడిసింది కాబట్టి ఒక్కో కప్లర్ విప్పి, లోపల పచ్చగా చిలుం పట్టిందేమో చూడటం చాలా అవసరం. విప్పే ముందు తాళం ఆఫ్ చేయండి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు ఉంటే గీకి బిగించమనండి.

మీటర్ బోర్డులో ఇంజిన్ ఆకారపు లైటు ఆరకుండా వెలుగుతోందా? అలాగైతే ఊహలు పక్కనపెట్టి స్కానర్ పెట్టించండి. ఏ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందో కోడ్ చెబుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే బ్యాటరీ మార్చడం వల్ల ఈసీయూ నేర్చుకున్న ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ముట్టకుండా ఇంజిన్ తిరిగే వేగం) లెక్కలు చెరిగిపోయి ఉండొచ్చు. కొన్ని మోడళ్లలో యాక్సిలరేటర్ ముట్టకుండా స్టార్ట్ చేసి ఇంజిన్ వేడెక్కనిస్తే అదే సర్దుకుంటుంది. మరికొన్నింటికి సర్వీస్ సెంటర్‌లో రీసెట్ చేయాలి. ఎవరు చెప్పినా థ్రాటిల్ బాడీ మీద కంపెనీ సీలు వేసిన స్క్రూను మాత్రం తిప్పనివ్వకండి. అసలు తప్పు అలాగే ఉండి, దాని మీద రెండోది చేరుతుంది.

ఈ పరీక్షలన్నీ ఆరుబయట చేయండి, మూసిన షెడ్డులో పొగ ప్రాణాంతకం. బాగయ్యేదాకా ట్రాఫిక్‌లోకి వెళ్లకండి. ఇంత రేస్‌లో ఫస్ట్ గేరు వేస్తే బండి ముందుకు దూకుతుంది.

2020కి ముందు కొన్న కార్బొరేటర్ బండ్లలోనూ ఇదే ఇబ్బంది వస్తే కేబుల్, ఎయిర్ లీకు పరీక్షలు ఇవే. అదనంగా చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూడండి. వాటిలో ఐడ్లింగ్ స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు, కాకపోతే ఇంజిన్ బాగా వేడెక్కాకే తిప్పాలి.