పేరు పెట్టి పిలిచే నలుగురు

‘హైదరాబాద్ వచ్చాక ఆఫీసులో పని తప్ప నేనెవరో ఎవరికీ పట్టదు, పండక్కి ఊరెళ్తేనే ప్రాణం లేచొస్తుంది, ఇది నా బలహీనతా’ అని మీరు అడిగారు. కాదండీ. చుట్టూ ఉన్న మనుషులను బట్టే మన ధైర్యమూ సిగ్గూ కూడా ఉంటాయి. నాకిది డ్వాక్రా సంఘంలో తెలిసొచ్చింది.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను ఫలానా వాళ్ళ కోడలిని, తర్వాత ఫలానా పిల్లాడి అమ్మని. సంఘంలో చేరాకే నలుగురిలో ఇంటిపేరుతో సహా నా పేరు చదివారు, తీర్మానాల పుస్తకంలో దాని ఎదురుగా సంతకం పెట్టించారు. తర్వాత నన్ను రెండో లీడరును చేశారు. బ్యాంకులో ఫారం అడగడానికే టెన్షన్ పడేదాన్ని, సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్ గురించి మేనేజరుతో మాట్లాడాల్సి వచ్చింది. పక్క కుర్చీలో మా లీడరక్క, వెనక బెంచీ మీద మిగతావాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆ రోజు నా మాట తడబడలేదు.

మా వైపు ఇది కొత్తేం కాదు. 1990ల మొదట్లో దూబగుంటలో రాత్రి చదువుల దగ్గర కలుసుకున్న ఆడవాళ్ళే సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం జిల్లా దాటి పాకాక 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఎవరింట్లో వాళ్ళు ఏడ్చుకుంటూ ఉంటే అది జరిగేదా?

అయితే ఇదే బంధం మనిషిని నలిపేస్తుంది కూడా. ఒకరు కంతు కట్టకపోతే సంఘం మొత్తానికి లోన్ ఆగుతుంది. భర్త జబ్బు వల్ల ఒకామె బాకీ పడితే కొందరు వెళ్ళి ఆమె గడప ముందు కూర్చున్నారు. ఆమె కుళాయి దగ్గరికి రావడం కూడా మానేసింది. అప్పు కంటే ఆ సిగ్గే ఆమెను ఎక్కువ కుంగదీసింది. మీటింగులో గట్టిగా మాట్లాడి, పొదుపు డబ్బులోంచి ఆమెకు అప్పు ఇప్పించి ఆ కంతులు కట్టించాం. మళ్ళీ మీటింగుకు రావడానికి మాత్రం ఆమెకు చాలా కాలం పట్టింది.

అందుకని హైదరాబాద్‌లో ఏదో ఒక గుంపులో చేరితే చాలనుకోకండి. ఒక వారం మీరు కనపడకపోతే ‘ఏమైందమ్మా’ అని ఫోన్ చేసేవాళ్ళు, చేతిలో డబ్బు లేని రోజున కూడా మొహం చాటేయక్కర్లేనివాళ్ళు ఉన్నచోట చేరండి. అపార్ట్‌మెంట్ భజన బృందమైనా, ఆదివారం బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళైనా సరే.