బేస్ గిటార్‌తో బతుకుదెరువు: లక్షన్నర పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఏడాదిన్నరగా వీడియోలు చూసి బేస్ గిటార్ నేర్చుకుంటున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, బేసిస్టుగానే స్థిరపడతానంటాడు. ఉన్న 4 తీగల గిటార్ జర్రుమంటోందని, 5 తీగలది లక్షన్నరకు కొనిమ్మని పట్టుబడుతున్నాడు. రోజంతా బొటనవేలితో కొడుతూ స్లాప్ వాయిస్తుంటాడు. కొనివ్వమంటారా? ఇందులో బతుకుదెరువు ఉందా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఇప్పుడు కొనకండి. ముందు ఉన్న గిటార్‌ను సెటప్ (నెక్, తీగల సర్దుబాటు) చేయించండి. బతుకుదెరువు ఉంది కానీ, మీ అబ్బాయి అనుకుంటున్న చోట కాదు. బేసిస్టుకు కబురు వచ్చేది వేళ్ల వేగం చూసి కాదు. డ్రమ్స్‌తో కలిసి లయ నిలబెడతాడా, పాడేవాళ్లకు చోటు వదులుతాడా అన్నది చూస్తారు. ఈ రెండూ లక్షన్నర గిటార్‌తో రావు.

తీగ జర్రుమనడం చాలాసార్లు గిటార్ లోపం కాదు, సర్దుబాటు లోపం. బేస్‌కు 34 అంగుళాల పొడవున నాలుగు లావు తీగలు నెక్‌ను, అంటే గిటార్ మెడను, ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. వానాకాలం తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. దాంతో నెక్ వంపు మారుతుంది. ఇంట్లోనే ఇలా చూడమనండి. ముందు శృతి సరిచేసి, లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీతో కలిసే చోట ఇంకో చేత్తో నొక్కిపట్టాలి. 7వ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు సందే లేకపోతే మొదటి ఐదు ఫ్రెట్లలో జర్రుమంటుంది. అప్పుడు నెక్ లోపల ఉండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌ను ఎడమకు వదులు చేయాలి. సందు మరీ ఎక్కువుంటే కుడికి బిగించాలి. ఏదైనా ఒక్కసారికి పావు చుట్టే, ఆ వెంటనే మళ్లీ శృతి చేసి కొలవాలి. గట్టిగా తిప్పేస్తే రాడ్ తెగుతుంది, గిటార్ పోయినట్టే. బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చేయకుండా పనివాడి దగ్గరికి తీసుకెళ్లండి.

వంపు కుదిరాకే తీగల ఎత్తు చూడాలి. 12వ ఫ్రెట్ మీద లావు తీగ కింద రెండున్నర, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లుంటే చాలు. చాలామంది ఎత్తు తగ్గించడానికి ట్రస్ రాడ్ తిప్పుతారు. అది తప్పు, ఎత్తు కోసం బ్రిడ్జి మీద శాడిల్ (తీగ ఆనే చిన్న దిమ్మ) స్క్రూలున్నాయి. చివరగా 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి పలికించే స్వరం), అదే ఫ్రెట్ నొక్కి వాయించిన స్వరం ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కినది ఎక్కువ చూపితే శాడిల్ వెనక్కి, తక్కువ చూపితే నెక్ వైపు జరపాలి. ఇవన్నీ చేశాక కూడా ఒకే ఒక్క ఫ్రెట్ నొక్కినప్పుడు జర్రుమంటే, చాలాసార్లు దాని తర్వాతి ఫ్రెట్ లేచిందన్నమాట. దాన్ని అరగదీసి సమం చేయడం పనివాడి పని. సెటప్‌తో పాటు 45–105 సైజు కొత్త తీగలు వేయిస్తే గిటార్ మారిపోయిందా అనిపిస్తుంది.

ఐదో తీగ అవసరమే, ఇప్పుడు కాదు. 4 తీగల బేస్‌లో అడుగు స్వరం ‘ఇ’. కీబోర్డు మీద కూర్చిన సినిమా పాటల్లో బేస్ ‘డి’, ‘సి’ దాకా దిగుతుంది. అలాంటి పాటలు తరచుగా వాయించాల్సి వచ్చినప్పుడు కొనవచ్చు. కొనేటప్పుడు మిగతా తీగల సంగతి పక్కనబెట్టి ఐదోదైన ‘బి’ తీగనే వాయించి చూడాలి. తక్కువ రకం గిటార్లలో అది వదులుగా ఊగుతూ స్వరం స్పష్టంగా పలకదు.

ఇక స్లాప్. దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది అమెరికన్ బేసిస్టు లారీ గ్రాహం. తల్లితో కలిసి వాయించే రోజుల్లో వాళ్ల బృందంలో డ్రమ్మర్ లేకుండా పోయాడు. ఆ లోటు పూడ్చడానికి బొటనవేలితో కొట్టి కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), వేలితో లాగి స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) పలికించాడు. అంటే స్లాప్ పుట్టిందే తాళం కోసం. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పి, మెట్రోనోమ్ (టిక్కులతో లయ చూపే పరికరం) పెట్టి వాయించమనండి. నిలబడితే మంచిదే. నిలబడకపోతే కొన్నాళ్లు పక్కనబెట్టి జేమ్స్ జేమర్‌సన్‌ను వినమనండి. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు 1960ల్లో వాయించిన ఆయన, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే అంత సంగీతం పలికించాడు. మన దగ్గరైతే ఇళయరాజా పాటల్లో శశిధరన్, రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించిన బేస్ వినాలి. ఇప్పటివాళ్లలో ముంబయి అమ్మాయి మోహినీ డే ఉంది. ఆమె వేగం అందరికీ కనిపిస్తుంది, ఆ వేగం కింద ఉన్న లయ మీద పట్టు చాలామంది గమనించరు.

వినడం ఫోన్ స్పీకర్‌లో వద్దు. బేస్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి పోదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు బేస్ లైన్‌ను నోటితో పాడాలి. తర్వాత గిటార్ మీద వెతకాలి, ఆఖరున స్వరాలు రాసుకోవాలి. ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెల్లో రాసినది) చూసి వాయించిన పాట చేతికే వస్తుంది, చెవికి రాదు.

సాధనకు ఒక కొలత చెబుతాను. పాట వేగం నిమిషానికి 80 దెబ్బలనుకోండి. మెట్రోనోమ్‌ను 40కి పెట్టి, ఆ టిక్కులను రెండో, నాలుగో దెబ్బలుగా లెక్కపెట్టుకుంటూ వాయించాలి. ఒకటో దెబ్బ ఎక్కడుందో తనే మోయాలి. మొదట్లో నాలుగైదు బార్‌లకే (నాలుగు దెబ్బలు ఒక బార్) జారిపోతుంది. మూడు నిమిషాలు నిలబడిన రోజున బృందంలో వాయించడానికి సిద్ధమైనట్టే. స్వరం మొదలయ్యే చోటుతో సమానంగా ఆగే చోటు కూడా ముఖ్యం. సన్న తీగల మీదికి వెళ్లినప్పుడు కుడి బొటనవేలిని లావు తీగల మీద ఆనించి మూయకపోతే అడుగున ఒక గుయ్‌మనే మోత ఉండిపోయి మిక్స్ అంతా బురదవుతుంది. గదిలో వినపడదు, రికార్డు చేస్తే వినపడుతుంది. మొదటి ఐదు ఫ్రెట్లలో వేలికో ఫ్రెట్ చొప్పున చాపితే మణికట్టు నొప్పి పుడుతుంది. అక్కడ చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలితో మూడు ఫ్రెట్లు చాలు.

మన పెళ్లి సంగీత్‌లలో, ఆర్కెస్ట్రాల్లో ఇంకో పరీక్ష ఉంటుంది. గాయకుడు వేదికెక్కి ‘ఒకటిన్నర శృతి’ అంటాడు, తర్వాత వచ్చిన గాయని ‘ఐదున్నర’ అంటుంది. అంటే సి షార్ప్, జి షార్ప్. రెండూ 4వ ఫ్రెట్ దగ్గరే దొరుకుతాయి, ఒకటి ‘ఎ’ తీగ మీద, ఇంకొకటి ‘ఇ’ తీగ మీద. ఏ పాటనైనా అప్పటికప్పుడు శృతి మార్చి వాయించగలిగినవాడికి మళ్లీ కబురొస్తుంది.

పని ఎక్కడుందంటే పెళ్లిళ్లు, కార్పొరేట్ కార్యక్రమాలు, కేఫ్ బృందాలు, పాఠాలు, కొంత రికార్డింగ్. చర్చిల్లో వాయించే అవకాశాలు మన రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. డబ్బు తక్కువే అయినా, వారం వారం డ్రమ్మర్ పక్కన నిలబడే అవకాశం వేరే చోట దొరకదు. తెలుగు సినిమాల్లో బేస్‌ను చాలావరకు కీబోర్డు మీదే పెట్టేస్తున్నారు కాబట్టి సినిమానే నమ్ముకోవద్దు. ఆదాయం సీజన్‌ను బట్టి వస్తుంది, మూఢంలో నెల గడవడం కష్టం. అందుకే రెండో విద్య తప్పనిసరి. కీబోర్డు ప్రోగ్రామింగ్ గానీ, రికార్డింగ్, మిక్సింగ్ గానీ నేర్చుకోవాలి. ఇంటి నుంచి ట్రాక్ పంపాలంటే గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌గా, పాట సున్నా నుంచే మొదలుపెట్టి, ఎఫెక్టులు లేని ట్రాక్ విడిగా పంపితే స్టూడియోవాళ్లకు తలనొప్పి ఉండదు.

వేదిక మీద జాగ్రత్తలు మీరూ తెలుసుకోండి. యాక్టివ్ బేస్‌లో (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్ట్ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రాత్రి కేబుల్ తీయడం మరిచిపోతే మర్నాడు పాట మధ్యలో ధ్వని చీలిపోతుంది. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో ఎర్తింగ్ సరిగా లేకపోతే, తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైక్‌కు తగిలి షాక్ కొడుతుంది. వాయించే ముందు సౌండ్ అతనితో మైక్ జాలీకీ తీగకూ మధ్య మల్టీమీటర్ పెట్టించాలి. వోల్టేజీ చూపితే ఎర్తింగ్ సరిచేసేదాకా ముట్టుకోకూడదు. ఇయర్‌ప్లగ్స్ ఇప్పటినుంచే అలవాటు చేయండి. 100 డెసిబెల్స్ మోతలో చెవికి క్షేమం పావుగంటే. పోయిన వినికిడి తిరిగి రాదు.

చదువు మానిపించకండి. ఇంజినీరింగ్ ఇష్టం లేకపోతే సాయంత్రాలు ఖాళీ ఉండే డిగ్రీ చాలు. దాంతో పాటు బ్రిటన్ సంస్థలు పెట్టే ట్రినిటీ రాక్ అండ్ పాప్, లేదా ఆర్‌ఎస్‌ఎల్ బేస్ గ్రేడ్ పరీక్షలు రాయించండి, రెండూ 8వ గ్రేడు దాకా ఉన్నాయి. వాటితో ఉద్యోగం రాదు. కానీ క్రమశిక్షణ, నొటేషన్ (స్వరలిపి) చదవడం వస్తాయి. క్రూయిజ్ షిప్ బృందాల ఆడిషన్లలో నొటేషన్ చూసి అప్పటికప్పుడు వాయించమంటారు. పూర్తికాలం సంగీతమే చదవాలనుకుంటే రెహమాన్ 2008లో చెన్నైలో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి ఉన్నాయి. చేరే ముందు బేస్‌కు విడిగా గురువు ఉన్నారా, వారానికి ఎన్ని గంటలు నేర్పుతారు అని అడిగి తెలుసుకోండి.

ఏడాది గడువు పెట్టుకోండి. ఈలోగా ఒక డ్రమ్మర్‌తో వారానికోసారి వాయించాలి, చెవితో విని రాసుకున్న 40 పాటలు చేతిలో ఉండాలి. డబ్బిచ్చి పిలిచినవాళ్లలో ఒకరైనా రెండోసారి పిలవాలి. అప్పుడు 5 తీగల గిటార్ గురించి మాట్లాడుకోవచ్చు, అదీ 30 వేల లోపు దానితో మొదలుపెట్టి. ఈ నెలలో మాత్రం ఒక పాట రికార్డు చేయించి, అందులో డ్రమ్స్, బేస్ తప్ప మిగతావన్నీ ఆపి వినండి. మీకు సంగీతం రాకపోయినా ఫర్వాలేదు. కిక్ డ్రమ్, బేస్ ఒకే దెబ్బగా వినపడుతున్నాయా, రెండుగా వినపడుతున్నాయా అన్నది మీ చెవికి తెలిసిపోతుంది.