తాళం పడేది కొన్నవాళ్లకే

ఈ-పుస్తకాలు కాపీ కాకుండా సాఫ్ట్‌వేర్ తాళం (డీఆర్ఎం అంటారు) వేస్తే రచయితకు, ప్రచురణకర్తకు నిజంగా మేలు జరుగుతుందా అని అడిగారు. జరగదు. నా కథల పుస్తకానికి ఆ తాళం వేయించినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

కిందటి ఏడాది విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ట్యాబులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదవడం ఆయనకు అలవాటు. నా పుస్తకాన్నీ డబ్బు కట్టి అలాగే కొనుక్కున్నారు. పాత ట్యాబు పాడై కొత్తది తీసుకుంటే, పరికరాల పరిమితి దాటిందని పుస్తకం తెరుచుకోవడం లేదు. "కొన్నది నేనే కదమ్మా, నన్నే ఆపుతుందేమిటి?" అన్నారు. ఉండబట్టలేక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. గంటన్నర కుస్తీ పట్టాం. పాస్‌వర్డ్ మార్చాం, అమ్మిన సంస్థకు మెయిల్ రాశాం. మెయిల్ అందిందన్న జవాబు తప్ప మరేమీ రాలేదు.

అప్పుడు ఆయన మొహమాటపడుతూ తన ఫోను నా చేతికిచ్చారు. బీచ్ రోడ్డులో ఉదయం నడిచే మిత్రుల వాట్సాప్ గ్రూపులో నా పుస్తకం మొత్తం పీడీఎఫ్‌గా తిరుగుతోంది. ప్రతి పేజీ అంచున ఎవరిదో బొటనవేలు, గోటికి పసుపు మరక. గబగబా 43వ పేజీ తీశాను. 'చెరువు' అన్న మాట 'చెరుపు' అనే ఉంది. అది అచ్చుతప్పు. ఈ-పుస్తకంలో దాన్ని నేనే దగ్గరుండి దిద్దించాను. అంటే ఆ పీడీఎఫ్ కాగితం పుస్తకానికి ఫోనుతో తీసిన ఫొటోలు. తాళం వేసిన ఫైలు జోలికి ఎవరూ పోలేదు. పైరసీలో కొంతైనా ఇలాగే జరుగుతోందని నా నమ్మకం.

సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టోర్ సంస్థ 2012లో తన ఈ-పుస్తకాలకు తాళాలు తీసేసింది. ఏడాది తరువాత, పైరసీ పెరిగిన జాడ లేదని ఆ సంస్థ బ్రిటన్ శాఖే ప్రకటించింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేస్తే, పాఠకులు కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బు తిరిగి ఇచ్చింది, పుస్తకంలో వ్యాఖ్యలు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. రాసుకున్న ఆలోచనకు ఆ వెల సరిపోతుందా?

ఇంకో బాధ కూడా చెప్పాలి. తెలుగు ఈ-పుస్తకాల్లో అచ్చు పేజీలను బొమ్మలుగా చేసి అమ్ముతున్నవీ ఉన్నాయి. వాటిలో అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, ఒక్కో వరుసనూ వేలితో అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. పెద్దవాళ్లకు అది నరకం. తాళం మీద పెట్టే ఖర్చు సరైన అక్షరాల మీద పెడితే కొనేవాళ్లు పెరుగుతారు.

రెండో ముద్రణకు ప్రచురణకర్తతో వాదించి తాళం తీయించాను. మాస్టారికి ఫైలు ఊరికే పంపబోతే ఒప్పుకోలేదు, మళ్లీ డబ్బు కట్టారు. ఆ రెండోసారి డబ్బు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.