ఆల్చిప్పలోని సూక్ష్మ సొరంగాలు శిలాజాలేనా? వరంగల్ రాళ్లలో దొరుకుతాయా?

ఒడ్డున ఏరిన ఆల్చిప్ప ముక్కను మైక్రోస్కోప్ కింద చూస్తే దారపు పోగుల్లాంటి సొరంగాలు కనిపించాయని, అవి శిలాజాలేనా, వరంగల్ చుట్టుపక్కల రాళ్లలోనూ వెతకవచ్చా అని అడిగారు. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు భూవిజ్ఞానం బోధిస్తూ ఇటువంటి నమూనాలను వారిచేత తయారు చేయిస్తుంటాను కనుక ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఇవి చాలావరకు సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా), శైవలాలు, శిలీంధ్రాలు తొలిచిన దారులు. వ్యాసం సాధారణంగా 100 మైక్రోమీటర్ల లోపే ఉంటుంది. తొలిచిన జీవి కుళ్లిపోయినా దారి మిగులుతుంది, అది రాతిలో భద్రపడినప్పుడే జాడ శిలాజం అవుతుంది. మీ ఆల్చిప్ప ఇటీవలిదైతే అందులోనివి ఇంకా శిలాజాలు కావు. పాత శిలలోని గవ్వనైనా అది బయటపడ్డాక నేటి జీవులు తొలిచే అవకాశం ఉంది కాబట్టి, సొరంగం గవ్వ పొరలను కోసుకుంటూ పోయిందా, దానిలో నిండిన పదార్థం చుట్టూ ఉన్న శిలలోనిదేనా అన్నవి నేను ముందుగా చూస్తాను.

పల్చగా అరగదీసిన ముక్కలో కనిపించేది అడ్డకోత మాత్రమే. అసలు ఆకారం తెలియాలంటే అచ్చు తీయవలసిందే. గవ్వలోని సేంద్రియ పదార్థాన్ని తొలగించి, వాక్యూమ్‌లో రెసిన్ ఎక్కించి, అది గట్టిపడ్డాక సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచితే గవ్వ కరిగి సొరంగాల అచ్చు నిలుస్తుంది. బుడగలు రావడం ఆగాక మా విద్యార్థులు చూసిన ఒక అచ్చులో, ఒకే బిందువు నుంచి కుంచెలా విచ్చుకున్న గొట్టాల గుత్తి స్పష్టంగా కనిపించింది. ఇటువంటి ఆకారాన్ని ఫాసిక్నస్ అంటారు. సన్నని వలలా అల్లుకున్న ఇక్నోరెటిక్యులినా అనే జాడ మాత్రం ఆస్ట్రియోబియం అనే ఆకుపచ్చ శైవలం పని. వెలుతురు తగ్గే లోతుల్లోనూ అది బతకగలదు కనుక, ఏ జాడలు కలిసి ఉన్నాయో చూసి ఆనాటి సముద్రపు లోతును అంచనా వేస్తారు.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది తొలిచే విధానమే. కిరణజన్య సంయోగక్రియ వల్ల చుట్టూ క్షారత పెరిగి సున్నం పేరుకోవాలి గాని కరగకూడదు. అయినా మాస్టిగోకోలియస్ అనే సయనోబాక్టీరియా కాల్షియంను తన కణాల గుండా లాగి వెనుకకు పంపేయడం ద్వారా రాతిని కరిగిస్తుందని 2010లో వెలువడిన పరిశోధన చూపింది.

ఇక వరంగల్ చుట్టూ ఉన్నది ప్రధానంగా గ్రానైట్. గవ్వలు, సున్నపురాయి లేని చోట వీటిని వెతికి లాభం లేదు. ఆదిలాబాద్ వైపు దక్కన్ లావా పొరల మధ్య సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి ఫైసా అనే మంచినీటి నత్తల గుల్లలు దొరుకుతాయి, నా దృష్టిలో మీ ప్రయత్నం అక్కడ మొదలుపెట్టడం మంచిది. అయితే వాటిలో చాలా గుల్లల స్థానంలో ఈ ఆమ్లంలో కరగని సిలికా చేరి ఉంటుంది. ఒక చుక్క సజల ఆమ్లం వేసి చూడండి: పొంగితే రెసిన్ అచ్చు తీయవచ్చు, పొంగకపోతే పల్చటి ముక్కగా అరగదీసి చూడటమే మార్గం.